వాయిదా కోసం పుట్టిన లా కాలేజీ

1947 మార్చి 10, సోమవారం. టెక్సస్ రాజధాని ఆస్టిన్‌లో, శాసనసభ భవనానికి ఉత్తరం పక్కన, తూర్పు 13వ వీధిలో 104వ నంబరు ఇంటి నేలమాళిగలో ప్రభుత్వం ఒక లా కాలేజీ తెరిచింది. మూడు గదులు. పాఠాలు చెప్పడానికి టెక్సస్ యూనివర్సిటీ ప్రొఫెసర్లని కేటాయించారు. ఫీజుల పుస్తకం, అడ్మిషన్ రిజిస్టరు అన్నీ సిద్ధం. ఆ రోజు ఒక్క విద్యార్థి కూడా రాలేదు.

రారని ప్రభుత్వానికీ తెలుసు. వచ్చినా రాకపోయినా దానికి పెద్ద తేడా లేదు. కాలేజీ తెరిచామని కోర్టుకి చూపించాలి, అంతే. నేను తెనాలి కోర్టుల్లో ముప్ఫై ఏళ్ళ పైన ప్రాక్టీసు చేసినదాన్ని. కేసు నడుస్తుండగా తయారైన కాయితాలు చాలా చూశాను. దావా పడ్డాక పాత తేదీ వేసి రాసుకున్న పంపకాల దస్తావేజు, ఇంజంక్షన్ వస్తుందని తెలిసి రాత్రికి రాత్రి లేపిన గోడ, కమిషనర్ వస్తున్నాడని పొద్దున్నే నాటిన కొబ్బరి మొక్కలు. కానీ ప్రతివాది తన డిఫెన్సుకి ఎగ్జిబిట్‌గా ఏకంగా ఒక యూనివర్సిటీని తయారు చేయడం మాత్రం నా ప్రాక్టీసులో చూడలేదు. ఇప్పుడు మా అమ్మాయి దగ్గర హ్యూస్టన్‌లో ఉంటున్నాను. ఆ ఎగ్జిబిట్ మా ఇంటికి కారులో అరగంట దూరం. థర్డ్ వార్డ్ అనే పేటలో, క్లెబర్న్ వీధిలో ఉంది. పేరు థర్గుడ్ మార్షల్ స్కూల్ ఆఫ్ లా. ఆ పేరు దానికి ఎలా దక్కిందో చెప్పాలంటే మొదట ఒక పోస్ట్‌మాన్ సంగతి చెప్పాలి.

హెమన్ మేరియన్ స్వెట్ 1912లో హ్యూస్టన్‌లోనే పుట్టాడు. నల్లజాతి వాడు. వైలీ కాలేజీలో డిగ్రీ చదివాడు, కొన్నాళ్ళు బడిపంతులుగా చేశాడు, మిషిగన్ యూనివర్సిటీలో పై చదువుకి వెళ్ళి మధ్యలోనే తిరిగొచ్చాడు. తరవాత హ్యూస్టన్‌లో ఇంటింటికీ ఉత్తరాలు పంచే ఉద్యోగంలో కుదురుకున్నాడు. పోస్టాఫీసులో ఒక చిత్రమైన మెలిక ఉండేది. పై ఉద్యోగానికి పోవాలంటే గుమాస్తాగా అనుభవం ఉండాలి, నల్లవాళ్ళకి గుమాస్తా పని ఇవ్వరు. తలుపు వేసి ఉందని ఎవరూ అనరు, మెట్లు మాత్రం తీసేశారు. ఈ అన్యాయం మీద నల్లజాతి పోస్టల్ ఉద్యోగుల సంఘం తరఫున కాయితాలు తయారు చేస్తూ, వకీలు పక్కన కూర్చుని రుజువులు పోగేస్తూ స్వెట్ లా మీద మనసు పడ్డాడు. మా వృత్తిలోకి ఎక్కువమంది ఈ దారినే వస్తారు. తన కేసు కాయితాలు తానే చదువుకున్న మనిషి సగం ప్లీడరు అయినట్టే.

అప్పటికి హ్యూస్టన్ నల్లవాళ్ళు ఒక పెద్ద కేసు గెలిచి ఊపు మీద ఉన్నారు. లానీ స్మిత్ అనే దంతవైద్యుడు, డెమొక్రాటిక్ పార్టీ ప్రైమరీ ఎన్నికల్లో తెల్లవాళ్ళే ఓటెయ్యాలన్న నిబంధన మీద పోరాడి 1944లో సుప్రీంకోర్టులో గెలిచాడు. స్వెట్ పళ్ళు చూసే డాక్టరు ఆయనే. ఆ కేసు వాదించిన, నల్లవాళ్ళ హక్కుల సంఘం ఎన్‌.ఏ.ఏ.సి.పి. వకీలు థర్గుడ్ మార్షల్, తరవాతి గురి టెక్సస్ యూనివర్సిటీ లా కాలేజీ మీద పెట్టాడు. హ్యూస్టన్ శాఖ కార్యదర్శి లూలూ వైట్ ఒక సభలో, వాదిగా నిలబడే మనిషి కావాలని అడిగింది. లేచినవాడు స్వెట్.

వాది దొరకడం అంటే ఏమిటో మా ప్లీడర్లకి తెలుసు. లా పాయింటు ఎంత బలంగా ఉన్నా చాలదు, సంతకం పెట్టి పదేళ్ళు నిలబడే మనిషి ఉండాలి. ఇదే రకం కేసులో మిస్సోరి రాష్ట్రం మీద 1938లో సుప్రీంకోర్టులో గెలిచిన లాయిడ్ గెయిన్స్ అనే కుర్రాడు, మరుసటి ఏడాది షికాగోలో ఒక సాయంత్రం బయటికి వెళ్ళి మళ్ళీ ఎవరికీ కనిపించలేదు. ఏమైపోయాడో ఇప్పటికీ తేలలేదు. ఆ సంగతి తెలిసే స్వెట్ లేచాడు. అప్పటికి అతనికి పెళ్ళయింది, ప్రభుత్వ ఉద్యోగం ఉంది.

1946 ఫిబ్రవరి 26న స్వెట్, కొందరు పెద్దలు వెంట రాగా, ఆస్టిన్‌లో యూనివర్సిటీ తాత్కాలిక అధ్యక్షుడు థియోఫిలస్ పెయింటర్ దగ్గరికి వెళ్ళి తన మార్కుల పత్రం చేతికిచ్చాడు. పెయింటర్ పేరున్న జన్యుశాస్త్రవేత్త. మనిషి కణంలో క్రోమోజోములు 48 అని 1923లో సూక్ష్మదర్శినిలో చూసి లెక్కపెట్టి చెప్పినవాడు. ప్రపంచమంతా ముప్ఫై ఏళ్ళు ఆ అంకెనే నమ్మింది. 1956లో ఇంకో ఇద్దరు మళ్ళీ లెక్కపెడితే 46 తేలాయి. ఇంత పెద్ద శాస్త్రవేత్త, స్వెట్ దరఖాస్తు గురించి అటార్నీ జనరల్‌కి ఉత్తరం రాస్తూ, నీగ్రో కావడం ఒక్కటి తప్పిస్తే ఈ దరఖాస్తుదారుకి అన్ని అర్హతలూ ఉన్నాయని రాశాడు. ప్రతివాది ఇలాంటి ఉత్తరం చేతికిస్తే ఏ ప్లీడరూ కాదనడు. అర్హత మీద వివాదం లేదు, మార్కుల మీద లేదు, ఖాళీల మీద లేదు. ఇష్యూ ఒక్కటే మిగిలింది.

అటార్నీ జనరల్ కుదరదన్నాడు. మే 16న ట్రావిస్ కౌంటీ జిల్లా కోర్టులో దావా పడింది. జడ్జి పేరు రాయ్ ఆర్చర్. అప్పటి చట్టం 1896 నాటి ప్లెసీ తీర్పు మీద నడిచేది. విడిగా ఉంచవచ్చు, కానీ సమానంగా ఇవ్వాలి. టెక్సస్‌లో నల్లవాళ్ళకి అసలు లా కాలేజీయే లేదు కాబట్టి సమానం అనే మాటకి తావు లేదు. జూన్‌లో జడ్జి ఆ మాట ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, యూనివర్సిటీలో చేర్చుకోమని ఆర్డరు వెయ్యకుండా, ప్రభుత్వానికి ఆరు నెలల గడువిచ్చాడు. ఈలోగా సమానమైనది ఏర్పాటు చేస్తే సరే, లేదంటే చూద్దాం అన్నాడు.

ఆ ఆరు నెలల గడువులోనే ఈ కథ అంతా ఉంది. టెక్సస్ 1876 రాజ్యాంగంలోనే నల్లజాతి యువకుల కోసం యూనివర్సిటీ శాఖ ఒకటి పెట్టాలని రాసుకుంది. 1882లో అది ఆస్టిన్‌లో ఉండాలని ప్రజలు ఓటు వేసి మరీ నిర్ణయించారు. ఒక్క ఇటుకా పడలేదు. అరవై ఏళ్ళకి పైగా రాజ్యాంగం చేయించలేని పని ఒక పోస్ట్‌మాన్ దావా ఆరు నెలల్లో చేయించింది. కోర్టు వాయిదాకి ఉన్న శక్తి గురించి మా సీనియర్ ఒకాయన చెప్పే మాటలు గుర్తొచ్చి నవ్వుకున్నాను.

మొదటి ప్రయత్నం మరీ నాసి. ప్రెయిరీ వ్యూ అనే నల్లవాళ్ళ వ్యవసాయ కళాశాల పాలకమండలి చేత తీర్మానం చేయించి, హ్యూస్టన్‌లో గదులు అద్దెకు తీసుకుని, అక్కడి నల్లజాతి ప్లీడర్లు ఇద్దరిని పాఠాలు చెప్పడానికి పెట్టుకుంటాం అన్నారు. డిసెంబరు 17న ఆర్చర్ అదే చాలునన్నాడు. అప్పీలుకి వెళ్ళేటప్పటికి మాత్రం ఇది నిలబడదని ప్రభుత్వ వకీళ్ళకి అర్థమైంది. శాసనసభ హడావుడిగా బిల్లు తెచ్చింది. గవర్నరు బ్యూఫర్డ్ జెస్టర్ 1947 మార్చి 3న సంతకం పెట్టాడు. హ్యూస్టన్‌లో ‘టెక్సస్ స్టేట్ యూనివర్సిటీ ఫర్ నీగ్రోస్’ అనే కొత్త యూనివర్సిటీ, స్థలానికీ భవనాలకీ 20 లక్షల డాలర్లు. అది కట్టేలోగా ఆస్టిన్‌లో వెంటనే ఒక లా కాలేజీ, దానికి లక్ష డాలర్లు. సంతకానికీ నేలమాళిగ తలుపు తెరవడానికీ మధ్య ఒక్క వారం.

నేలమాళిగ కాలేజీకి డీన్ చార్ల్స్ మెకార్మిక్. టెక్సస్ యూనివర్సిటీ లా కాలేజీకీ ఆయనే డీన్. సాక్ష్య చట్టంలో ఆయనంత పండితుడు ఆ రోజుల్లో అమెరికాలో అరుదు. ఆయన పుస్తకం పేరు మా దేశంలోనూ విన్నాను. అలాంటి మనిషి ఈ మూడు గదులు ఆ పెద్ద కాలేజీకి సమానమని సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. పాఠాలు చెప్పే ప్రొఫెసర్లు పెద్ద కాలేజీ వాళ్ళే, వాళ్ళ ఆఫీసులూ అక్కడే. పదివేల పుస్తకాలకి ఆర్డరు పెట్టారు, వచ్చినవి కొన్నే. పూర్తికాలం లైబ్రేరియన్ లేడు. రోడ్డు దాటితే శాసనసభ భవనంలో రాష్ట్ర సుప్రీంకోర్టు గ్రంథాలయం ఉంది కదా, అది వాడుకోవచ్చు అన్నారు. మా వైపు ఊళ్ళలో టీ కొట్ల దగ్గర రెండు గ్లాసుల పద్ధతి ఎరిగినవాళ్ళకి ఈ సమానత్వం కొత్త కాదు. టీ అదే, పోసే చెయ్యి అదే, బయట మేకుకి తగిలించిన గ్లాసు మాత్రం వేరు.

స్వెట్‌కి యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. కాలేజీ తెరుస్తున్నాం, వచ్చి చేరండి అని. అతను వెళ్ళలేదు. వెళ్తే కేసు పోయినట్టే. మార్చి 26న అప్పీలు కోర్టు కింది తీర్పు కొట్టేసి మళ్ళీ విచారణ జరపమంది. మే నెలలో ఆస్టిన్‌లో అయిదారు రోజులు విచారణ నడిచింది.

ఆ విచారణలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. మార్షల్ వైపు వాళ్ళు చదరపు అడుగులూ పుస్తకాల సంఖ్యా దగ్గర ఆగిపోలేదు. అక్కడే ఆగి ఉంటే ప్రభుత్వం ఇంకో లక్ష డాలర్లు పెట్టి ఇంకో గది చేర్చేది, కేసు తెమిలేది కాదు. మార్షల్‌తో పాటు టెక్సస్ వకీలు డబ్ల్యు.జె. డరమ్, హోవర్డ్ యూనివర్సిటీ నుంచి జేమ్స్ నాబ్రిట్ ఉన్నారు. పెన్సిల్వేనియా యూనివర్సిటీ లా డీన్ ఎర్ల్ హారిసన్‌ని బోనెక్కించారు. ఒక్క విద్యార్థితో క్లాసు నడిస్తే అది లా కాలేజీ అవుతుందా? వాదించడానికి తోటివాడు లేకుండా వాదన నేర్చుకోవడం ఎలా? షికాగో నుంచి మానవశాస్త్రవేత్త రాబర్ట్ రెడ్‌ఫీల్డ్ వచ్చాడు. ఆయన లా కూడా చదివినవాడు. జాతిని బట్టి చదువుకునే శక్తి మారదని, విడదీసి చదివిస్తే రెండు పక్షాలకీ నష్టమేనని చెప్పాడు. అటార్నీ జనరల్ ప్రైస్ డేనియల్ క్రాస్ చేశాడు గానీ సాక్షి చెక్కుచెదరలేదు.

నేను గుంటూరులో లా చదివినప్పుడు మా క్లాసులో ఆడపిల్లలం వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందిమి. మాకు ముందు వరసలో విడిగా బెంచీ ఉండేది. పాఠం అందరికీ ఒకటే. పరీక్షా ఒకటే. కానీ సాయంత్రం హోటల్లో మగపిల్లలు ఫుల్‌బెంచి తీర్పుల మీద గంటలు గంటలు కొట్టుకునేవాళ్ళు, మేం ఇళ్ళకి వెళ్ళిపోయేవాళ్ళం. వాళ్ళలో సగం మంది తరవాత నాకు అవతలి పక్షం ప్లీడర్లయ్యారు, ఇద్దరు జడ్జీలయ్యారు. ఒకరి ఎత్తులు ఒకరికి అప్పటినుంచే తెలుసు. నాకు ఆ ఎత్తులు కోర్టులో ఓడిపోతూ నేర్చుకోవాల్సి వచ్చింది. కనుక డీన్ హారిసన్ సాక్ష్యం చదువుతుంటే నాకు తర్జుమా అక్కర్లేకపోయింది.

జూన్ 17న ఆర్చర్ మళ్ళీ ప్రభుత్వం వైపే తీర్పిచ్చాడు.

ఈలోగా నల్లవాళ్ళలోనే పెద్ద తగాదా లేచింది. చరిత్ర పుస్తకాలు దీన్ని ఒక పేరాలో దాటేస్తాయి. నాకు మాత్రం మొత్తం కథలో ఆసక్తికరమైన భాగం ఇదే. కార్టర్ వెస్లీ అని హ్యూస్టన్ ఇన్ఫార్మర్ పత్రిక అధిపతి. తానూ వకీలే. ప్రైమరీ ఓటు కేసుల్లో పనిచేశాడు, స్వెట్‌కి మొదట్లో అండగా నిలిచాడు. ఇప్పుడు ఆయన అన్నదేమిటంటే, కేసు నడవనివ్వండి, మంచిదే. కానీ ప్రభుత్వం భయపడి మనకి యూనివర్సిటీ ఇస్తానంటోంది. దాన్ని ఎందుకు కాదనాలి? తీసుకుందాం, బాగా కట్టించుకుందాం, రెండు దారులూ పట్టుకుందాం. మార్షల్‌కి ఇది మింగుడుపడలేదు. విడి కాలేజీని మనమే స్వాగతిస్తే, కోర్టులో విడదీయడమే తప్పు అని ఏ మొహంతో వాదిస్తాం? ఇద్దరి మధ్యా ఉత్తరాలు ఘాటెక్కాయి. వెస్లీ ఎన్‌.ఏ.ఏ.సి.పి.లో తన పదవులు వదులుకున్నాడు. లూలూ వైట్ మార్షల్ వైపు, హ్యూస్టన్‌లో చాలామంది పెద్దలు వెస్లీ వైపు. నిన్నటిదాకా ఒక వేదిక మీద కూర్చున్నవాళ్ళు పత్రికల్లో తిట్టుకున్నారు.

వాదంగా చూస్తే మార్షల్‌దే పైచేయి. ఆయన జీవితం దానికి సాక్ష్యం. మేరీలాండ్ యూనివర్సిటీ లా కాలేజీ నల్లవాళ్ళని తీసుకోదు కాబట్టి హోవర్డ్‌లో చదివాడు, 1936లో ఇంకో కుర్రాడి తరఫున వాదించి అదే మేరీలాండ్ కాలేజీ తలుపు తెరిపించాడు. కానీ నా ఓటు సగం వెస్లీకి వేస్తాను. 1940 ప్రాంతంలో టెక్సస్ మొత్తం మీద నల్లజాతి ప్లీడర్లు పాతికమంది కూడా లేరు. ఫ్రాన్స్ కన్నా పెద్ద రాష్ట్రం అది. ఒక జిల్లా కోర్టులో ఒక నల్లవాడి భూమి కేసు, ఒక కుర్రాడి దొంగతనం కేసు ఎవరు తీసుకుంటారు? సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా ఆగమంటే ఆ కుర్రాడు జైల్లో ఆగుతాడు. సిద్ధాంతం పెద్ద కోర్టులో తేలుతుంది, కక్షిదారు మాత్రం సోమవారం పొద్దున చిన్న కోర్టు అరుగు మీద నిలబడి ఉంటాడు. తెనాలిలో నా ఆఫీసు బల్లకి అవతల కూర్చున్నవాళ్ళెవరూ రాజ్యాంగం గురించి అడగలేదు, వాయిదా ఎప్పుడని అడిగారు.

టెక్సస్ ఒక్కటే ఇలా చేయలేదు. అవే ఏళ్ళలో దక్షిణాది అంతటా ఈ జాతి కాలేజీలు పుట్టుకొచ్చాయి. గెయిన్స్ కేసు దెబ్బకి మిస్సోరి 1939లో సెయింట్ లూయిస్‌లో ఒకటి తెరిచింది. నార్త్ కరొలైనా డరమ్‌లో ఒకటి, 1947లో సౌత్ కరొలైనా, లూసియానా ఒక్కొక్కటి. ఓక్లహోమాలో అయితే 1948లో ఏడా సిప్యుయెల్ అనే అమ్మాయి సుప్రీంకోర్టులో గెలిచాక, శాసనసభ భవనంలోనే కొంత జాగా కేటాయించి అదే లా కాలేజీ పొమ్మన్నారు. ఆమె అక్కడ అడుగు పెట్టలేదు. ఫ్లోరిడాలో వర్జిల్ హాకిన్స్ దరఖాస్తు పెట్టాక అక్కడి నల్లవాళ్ళ యూనివర్సిటీలో లా కాలేజీ పెట్టారు, 1968లో ప్రభుత్వమే దాన్ని మూసేసింది. మళ్ళీ తెరిచింది 2002లో. మిస్సోరి, సౌత్ కరొలైనా కాలేజీలూ మూతపడ్డాయి. కేసు అయిపోతే ఎగ్జిబిట్లు రికార్డు రూములోకి పోవడం మామూలే.

టెక్సస్‌లో అలా జరగకపోవడానికి మొదటి కారణం 1947 సెప్టెంబరులో ఆ నేలమాళిగ మెట్లు దిగిన ముగ్గురు మనుషులు. వాళ్ళలో హెన్రీ డాయిల్ ఒకడు. ఆస్టిన్ వాడే, చిన్నవాడేమీ కాదు, ముప్ఫై ఏడేళ్ళవాడు, బడిలో పాఠాలు చెప్పినవాడు. స్వెట్ పక్షం వాళ్ళ దృష్టిలో ఆ మెట్లు దిగడం ద్రోహం. ప్రభుత్వ వకీళ్ళకి పండగ, చూశారా విద్యార్థులు వస్తున్నారు అని చెప్పుకోవచ్చు. డాయిల్‌కి ఏమనిపించిందో గాని, అతను చేరాడు, చదివాడు. ముగ్గురు విద్యార్థులకి టెక్సస్ యూనివర్సిటీ ప్రొఫెసర్లు పాఠాలు చెప్పారు. అంత మంది గురువులు అంత కొద్దిమంది శిష్యుల మీద పడితే రోజూ తప్పించుకోవడానికి ఎవరి వీపు చాటునా దాక్కోలేరు పాపం.

తరవాత కాలేజీ హ్యూస్టన్ చేరింది. అక్కడ 1927లో నల్లవాళ్ళ జూనియర్ కాలేజీగా మొదలై పెరిగిన హ్యూస్టన్ కాలేజీ ఫర్ నీగ్రోస్ ఉంది. చమురు వ్యాపారి హ్యూ రాయ్ కల్లెన్ థర్డ్ వార్డ్‌లో దానికి 53 ఎకరాలు ఇచ్చాడు. ఆ స్థలంలో ఫెయిర్‌చైల్డ్ అనే భవనం ఒకటే లేచింది. రాష్ట్రం దాన్నే తీసుకుని కొత్త యూనివర్సిటీ అని పేరు పెట్టింది. మొదటి అధ్యక్షుడు ఓహారా లానియర్ అంతకుముందు లైబీరియాలో అమెరికా రాయబారిగా పనిచేశాడు. ఉన్న చోటు చాలక తాత్కాలిక షెడ్లలో క్లాసులు నడిపారు. విద్యార్థులు ఊరుకోలేదు, ఆ పేరులో ‘ఫర్ నీగ్రోస్’ తీసెయ్యమని శాసనసభకి అర్జీ పెట్టారు. 1951 జూన్ 1 నుంచి అది టెక్సస్ సదరన్ యూనివర్సిటీ అయింది.

స్వెట్ కేసు అప్పీళ్ళు దాటుకుంటూ 1950 ఏప్రిల్‌లో అమెరికా సుప్రీంకోర్టు ముందు వాదనకి వచ్చింది. జూన్ 5న ప్రధాన న్యాయమూర్తి ఫ్రెడ్ విన్సన్ తొమ్మిదిమంది తరఫున తీర్పు చదివాడు. చిన్న తీర్పు. రెండు కాలేజీల లెక్కలూ పక్కపక్కన పెట్టాడు. పెద్ద కాలేజీలో పూర్తికాలం ప్రొఫెసర్లు 16 మంది, విద్యార్థులు 850, పుస్తకాలు 65 వేలు. హ్యూస్టన్ కాలేజీలో ప్రొఫెసర్లు 5, విద్యార్థులు 23, పుస్తకాలు సుమారు 16,500. టెక్సస్ బార్‌లో చేరిన పూర్వవిద్యార్థి ఒకరు. మూడేళ్ళలో నేలమాళిగ నుంచి అక్కడిదాకా వచ్చారంటే నిజానికి తక్కువేం కాదు. అప్పటికే అక్కడ ప్రాక్టీసు కోర్టు, పేదలకి న్యాయ సహాయ సంఘం నడుస్తున్నాయి. కానీ విన్సన్ అంకెల మీద తీర్పు ముగించలేదు. ప్రొఫెసర్ల పేరు, పూర్వవిద్యార్థుల పలుకుబడి, సమాజంలో పరపతి, సంప్రదాయం, వీటిని కొలిచే తూనికరాయి లేదు, ఇవి కొత్త కాలేజీకి చట్టం చేసి ఇవ్వలేరు అన్నాడు. టెక్సస్ జనాభాలో 85 శాతం మందిని బయట పెట్టిన కాలేజీలో చదివిన ప్లీడరు, రేపు జడ్జీలూ జ్యూరీలూ సాక్షులూ అంతా ఆ 85 శాతంలోంచే వస్తే ఎవరితో వాదన నేర్చుకున్నట్టు? డీన్ హారిసన్ బోనులో చెప్పిందే ఇంకో రూపంలో తీర్పులోకి వచ్చింది. స్వెట్‌ని చేర్చుకోమన్నారు. ప్లెసీ తీర్పుని మాత్రం ముట్టుకోలేదు. దానికి ఇంకో నాలుగేళ్ళు, బడుల్లో విడదీయడం చెల్లదన్న బ్రౌన్ కేసు దాకా ఆగాల్సి వచ్చింది.

అదే 1950 జులైలో మద్రాసు హైకోర్టులో చంపకం దొరైరాజన్ కేసు తీర్పు వచ్చింది. మెడికల్ సీట్లు కులాల వారీగా పంచే జీవో సమానత్వానికి విరుద్ధమని. ఆ కేసులో వాదించిన అల్లాడి కృష్ణస్వామి అయ్యరు మన నెల్లూరు జిల్లా మనిషి. రెండు నెలలు తిరక్కుండా రెండు దేశాల్లో సమానత్వం అన్న ఒకే మాట పట్టుకుని కాలేజీ గుమ్మం దగ్గర రెండు కోర్టులు నిలబడ్డాయి. ఒకచోట శతాబ్దాలుగా బయట ఉన్నవాడు లోపలికి రావడానికి ఆ మాట పనికొచ్చింది, ఇంకోచోట ఎప్పటినుంచో లోపల ఉన్నవాళ్ళకి. మన వాళ్ళు మరుసటి ఏడాదే రాజ్యాంగానికి మొదటి సవరణ తెచ్చి సర్దుకున్నారు. అమెరికా వాళ్ళు ఈ ప్రశ్నతో ఇంకా కుస్తీ పడుతూనే ఉన్నారు. అన్నట్టు, భారతీయులకి అమెరికా పౌరసత్వం తీసుకునే హక్కు వచ్చిందీ స్వెట్ దావా వేసిన 1946లోనే. ఏడాదికి వందమందికి వీసా కోటా ఇచ్చారు. హ్యూస్టన్‌లో తెలుగువాళ్ళ ఉగాది సభలకి వెళ్ళినప్పుడు ఆ వంద గుర్తొస్తుంది.

స్వెట్ 1950 సెప్టెంబరులో టెక్సస్ యూనివర్సిటీ లా కాలేజీలో చేరాడు. అప్పటికి ముప్ఫై ఏడేళ్ళు. ఆ ఏడాది అతనితో పాటు ఇంకా కొద్దిమంది నల్లజాతి విద్యార్థులు చేరారు. లా కాలేజీ దగ్గర ఒక రాత్రి శిలువ తగలబెట్టి బెదిరించారు. నాలుగేళ్ళు కేసు, పత్రికలు, సభలు, ఇంటిమీదికి వచ్చిన బెదిరింపులు. ఒంట్లో బాగాలేదు, ఆపరేషన్ అయింది, చదువు వెనకబడింది, సంసారం విడిపోయింది. 1952లో కాలేజీ వదిలేశాడు. వర్జిల్ లాట్ అనే అతను ఆ కాలేజీ నుంచి పట్టా తీసుకున్న మొదటి నల్లజాతి విద్యార్థి అయ్యాడు. స్వెట్ అట్లాంటా వెళ్ళి సమాజసేవలో మాస్టర్స్ చేసి, నల్లవాళ్ళ సేవాసంస్థ అర్బన్ లీగ్‌లో ఏళ్ళ తరబడి పనిచేసి, 1982లో కన్నుమూశాడు. ఎప్పుడూ ప్లీడరు కాలేదు. కేసు గెలిచినా భూమి అనుభవించని వాదుల్ని నేను చాలామందిని చూశాను. డిక్రీ చేతికొచ్చేటప్పటికి మనిషిలో ఓపిక అయిపోతుంది. అమలు చేయించుకోవడానికి ఇంకో మనిషి కావాలి.

నేలమాళిగ మెట్లు దిగిన డాయిల్ మాత్రం హ్యూస్టన్ కాలేజీ మొదటి పట్టభద్రుడయ్యాడు, ప్రాక్టీసు పెట్టాడు, నల్లవాళ్ళ హక్కుల కేసులు వాదించాడు. 1978లో టెక్సస్ అప్పీలు కోర్టు జడ్జిగా కూర్చున్నాడు. ఆ రాష్ట్రంలో ఆ స్థాయికి వెళ్ళిన మొదటి నల్లజాతి మనిషి ఆయనే.

స్వెట్ గెలిచాక హ్యూస్టన్ కాలేజీకి ఇంక పనేముంది అనే ప్రశ్న రానే వచ్చింది. పెట్టిన కారణం పోయింది కదా. పెద్ద కాలేజీ తలుపు తెరుచుకున్నా దాంట్లోంచి ఏడాదికి ఎందరు దూరారు? వెస్లీ అడిగిన ప్రశ్న అక్కడే ఉంది. పోస్టాఫీసులో, రేవులో, బళ్ళలో పనిచేస్తూ చదువుకునేవాళ్ళకి థర్డ్ వార్డ్ కాలేజీయే అందింది. క్లాసులో పదిమందో ఇరవైమందో. 1960 మార్చి 4న ఆ యూనివర్సిటీ జెండా స్తంభం దగ్గర పదమూడుమంది విద్యార్థులు పోగై అల్మీడా రోడ్డులో ఉన్న వైన్‌గార్టెన్ దుకాణానికి నడిచి వెళ్ళి, తెల్లవాళ్ళకి మాత్రమే టిఫిను పెట్టే కౌంటరు ముందు స్టూళ్ళ మీద కూర్చున్నారు. హ్యూస్టన్‌లో అదే మొదటి సిట్-ఇన్. ముందుండి నడిపినవాడు ఎల్‌డ్రూయీ స్టర్న్స్, లా విద్యార్థి. విడదీయడం న్యాయమేనని కోర్టులో చూపించడానికి ప్రభుత్వం డబ్బు పెట్టి తెచ్చిన సాక్షి, పదమూడేళ్ళకి నడివీధిలో అడ్డం తిరిగాడు. ఆ దుకాణం ఉన్న చోట తరవాత పోస్టాఫీసు వచ్చింది, బయట చరిత్ర ఫలకం పెట్టారు. మా మనవరాలి పాస్‌పోర్టు పని మీద ఆ వైపు వెళ్ళినప్పుడు ఆగి చదివాను.

1976లో ఆ లా కాలేజీకి కొత్త భవనం కట్టి థర్గుడ్ మార్షల్ పేరు పెట్టారు. అప్పటికాయన సుప్రీంకోర్టు న్యాయమూర్తి. ఏ కాలేజీ పుట్టడమే తప్పని మూడు కోర్టుల్లో వాదించాడో దాని గుమ్మం మీద ఆయన పేరు ఎక్కింది. వెస్లీ అప్పటికి బతికి లేడు, 1969లోనే పోయాడు. ఉండి ఉంటే పత్రికలో ఏం సంపాదకీయం రాసేవాడో అని నాకు ఒక కుతూహలం. ఆ కాలేజీలో చదివి పార్లమెంటుకి వెళ్ళినవాళ్ళున్నారు, క్రెయిగ్ వాషింగ్టన్, ఆల్ గ్రీన్. ఆస్టిన్‌లో ఆర్చర్ రెండుసార్లు స్వెట్‌కి వ్యతిరేకంగా తీర్పిచ్చిన కోర్టు భవనానికి 2005లో హెమన్ మేరియన్ స్వెట్ ట్రావిస్ కౌంటీ కోర్టు అని పేరు మార్చారు. మా అల్లుడి స్నేహితుడికి ఆ మధ్య ఇంటి అద్దె తగాదా వచ్చి ప్లీడరు కావాల్సి వస్తే, వెళ్ళి మాట్లాడిన ఆవిడ ఆఫీసు గోడ మీద థర్గుడ్ మార్షల్ స్కూల్ ఆఫ్ లా పట్టా ఉంది. నేనూ వెంట వెళ్ళాను. కాయితాలు తిరగేసి, అవతలివాళ్ళు వాయిదా అడుగుతారు, ఈసారి ఇవ్వనివ్వను అంది.